రెండున్నర దాటింది కదా అని వదిలేశాం

నేను స్టాఫ్ నర్సుని. లేబర్ రూమ్‌లో పదకొండేళ్ల నుంచి చేస్తున్నాను. ఊరు పేరు, ఆసుపత్రి పేరు చెప్పను, ఒక ఏరియా హాస్పిటల్ అనుకోండి. రాత్రి డ్యూటీలో ఇద్దరు సిస్టర్లం, ఒక ఆయమ్మ ఉంటాం. ఇన్నేళ్లూ బిడ్డ పుట్టగానే నా కళ్లు వెతికే అంకె ఒక్కటే, రెండున్నర కేజీలు. తూకం మీద 2.5 దాటిందా, అమ్మయ్య అనుకుని బిడ్డని తల్లి పక్కన పడుకోబెట్టేయడం. దాటలేదా, కేస్ షీట్ మీద ఎర్ర పెన్నుతో ఎల్‌బీడబ్ల్యూ, అంటే తక్కువ బరువు బిడ్డ అని రాసి డాక్టర్ గారికి కబురు పెట్టడం. మాకు నేర్పింది అదే, మా తర్వాత వచ్చిన పిల్లలకి మేము నేర్పిందీ అదే.

ఆ రోజు సాయంత్రం ఆరు నలభైకి ఒక తొలిచూలు అమ్మాయికి బాబు పుట్టాడు. డేట్ దాటి రెండు రోజులైంది, అంటే 40 వారాల 2 రోజులు. వెంటనే ఏడ్చాడు, రంగు బాగుంది, తూకం 2.56. చూడ్డానికి మాత్రం సన్నగా, పొడుగ్గా, తొడల దగ్గర చర్మం ముడతలు పడి, పెద్దవాళ్ల చొక్కా పిల్లాడికి తొడిగినట్టు ఉన్నాడు. గోళ్లు వేలి చివర దాటి పెరిగాయి. ముసలి మొహం అంటాం చూడండి, అలా నుదుటి మీద గీతలు. ఇదంతా నేను చూశాను, చూడలేదని చెప్పను. "సన్నగా ఉన్నాడు, పాలు పడితే అదే వస్తుందిలేమ్మా" అన్నాను కూడా. పైగా రెండున్నర దాటింది కదా. వార్డుకి పంపేశాం.

తల్లి అలిసిపోయి ఉంది, పాలు సరిగా పట్టలేదు. బాబు నిద్రపోతూనే ఉన్నాడు. అమ్మమ్మ అయితే మురిసిపోయింది, మంచి బిడ్డ, అస్సలు ఏడవడం లేదు అని. రాత్రి రెండు దాటాక ఆవిడే లేబర్ రూమ్ తలుపు దగ్గరికొచ్చి, "సిస్టరమ్మా, బాబు చలికి వణుకుతున్నాడు, ఇంకో దుప్పటి ఇస్తావా" అంది. వెళ్లి చూస్తే చేతులూ కాళ్లూ సన్నగా అదురుతున్నాయి. చేయి పట్టుకుంటే అదురు ఆగింది, వదిలితే మళ్లీ మొదలైంది. పట్టుకుంటే ఆగేది ఫిట్స్ కాదని తెలుసు, ఆ మాత్రం ధైర్యం వచ్చింది. మడమ దగ్గర గుచ్చి గ్లూకోమీటర్ పెడితే 26.

మా దగ్గర 45 కంటే తగ్గితే డాక్టర్ గారిని పిలవాలి. 26 అంటే పరిగెత్తాలి. ఆయన క్వార్టర్స్‌లోనే ఉంటారు కాబట్టి ఐదు నిమిషాల్లో వచ్చారు. కేజీకి 2 మిల్లీలీటర్ల లెక్కన 10 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్), అంటే 5 మిల్లీలీటర్లు నెమ్మదిగా ఎక్కించి, డ్రిప్ పెట్టి, 108 పిలిచి జిల్లా ఆసుపత్రి ఎస్‌ఎన్‌సీయూకి, అంటే జబ్బు చేసిన పసిపిల్లల ప్రత్యేక వార్డుకి పంపాం. బండి వచ్చేలోపు నేను అక్కడికి ఫోన్ చేసి వివరాలు చెబుతుంటే అవతల డ్యూటీ డాక్టరమ్మ రెండే ప్రశ్నలు అడిగింది. ఎన్ని వారాలు? బరువెంత? చెప్పాను. "40 వారాలకి 2.56 అంటే మూడో పర్సంటైల్ కింద ఉన్నాడు సిస్టర్, ఎస్‌జీఏ. పుట్టిన దగ్గర్నుంచి షుగర్లు చూడలేదా? చార్టులో పెట్టలేదా?" అంది. ఎస్‌జీఏ అంటే వారాలకి తగ్గ బరువు లేకుండా చిన్నగా పుట్టిన బిడ్డ. కోప్పడలేదు, మామూలుగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. గోడ మీద చార్టే లేదు మా దగ్గర, ఇంక పెట్టేదెక్కడ.

బాబు ఆరు రోజుల తర్వాత బాగానే తిరిగొచ్చాడు, అది ముందే చెప్పేస్తున్నాను, చదివేవాళ్లు టెన్షన్ పడకుండా. కానీ ఆ ఆరు రోజులూ నాకు అన్నం సహించలేదు. వీక్లీ ఆఫ్ రోజు బస్సెక్కి జిల్లా ఆసుపత్రికి వెళ్లాను. అక్కడి ఎస్‌ఎన్‌సీయూలో నాతో జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు చదివిన అమ్మాయి పనిచేస్తోంది. బాబు కేస్ షీట్ వెనక ఒక కాగితం క్లిప్పు పెట్టి ఉంది, నీలం గీతల చార్టు. అందులో చుక్క అన్ని గీతలకీ కింద ఒంటరిగా ఉంది. దాన్ని చూస్తే నా కడుపులో ఏదోలా అయింది.

ఆ అమ్మాయే కూర్చోబెట్టి చెప్పింది. అడ్డంగా వారాలు, నిలువుగా బరువు. మధ్యలో ఐదు వంకర గీతలు, కింద నుంచి 3, 10, 50, 90, 97. పర్సంటైల్ అంటే ఈ గీతలే. పదో గీత అంటే ఏమీ లేదే, సరిగ్గా అదే వారానికి పుట్టిన వంద మంది మగపిల్లల్ని బరువు ప్రకారం చిన్న నుంచి పెద్దకి వరుసలో నిలబెడితే పదోవాడు ఎక్కడుంటాడో అక్కడ గీసిన గీత అంది. దానికంటే కిందికి చుక్క పడితే ఆ వారానికి ఉండాల్సిన దానికంటే చిన్న బిడ్డ. మూడో గీత కూడా దాటి కిందికి పోతే బాగా చిన్న. ఆడపిల్లలకి వేరే షీటు, గులాబీ రంగుది. ఇంతే సంగతి. పదకొండేళ్లుగా నాకు ఎందుకు తెలియలేదంటే ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

తర్వాత ఇంటికొచ్చి ఎంసీపీ కార్డు తీసి చూస్తే ఇంకో సంగతి అర్థమైంది. తల్లీబిడ్డల కార్డులో పెరుగుదల చార్టు ఉంటుంది కదా, అది డబ్ల్యూహెచ్‌ఓ వాళ్లు 2006లో ఇచ్చినది. మంచి చార్టే. కానీ అందులో మొదటి గడి పుట్టిన రోజు, అంతే. ఎన్ని వారాలకి పుట్టాడన్న ప్రశ్నే అందులో లేదు. మగబిడ్డకి ఆ మొదటి రోజు ఆకుపచ్చ పట్టీ 2.5 దగ్గర మొదలవుతుంది. మా బాబు 2.56. కార్డు ప్రకారం ఆకుపచ్చలోనే ఉన్నాడు! ఆ కార్డు చూస్తే ఎవరైనా బాగున్నాడనే అంటారు. 34 వారాలకే పుట్టి 2.1 కేజీలున్న పిల్లని మేము అయ్యో తక్కువ బరువు అని హడావుడి చేస్తాం, నిజానికి ఆ పిల్ల తన వారానికి సరిపడా పెరిగింది, నెలలు నిండలేదు అంతే. నలభై వారాలు కడుపులో ఉండి 2.56 దగ్గర ఆగిపోయినవాడిని మాత్రం శుభ్రంగా దుప్పట్లో చుట్టి వార్డుకి పంపేస్తాం. లోపల సరిగా అందక, లివర్‌లో చక్కెర నిల్వ లేకుండా పుట్టినవాడు వాడు. పాలు రెండు సార్లు తప్పితే షుగర్ పడిపోయేది వాడికే.

సరే, చార్టు పెడదాం అని డాక్టర్ గారిని అడిగితే వెంటనే ఒప్పుకున్నారు. ఏ చార్టు అన్న దగ్గర మాత్రం కొంచెం తర్జనభర్జన జరిగింది. ఫెంటన్ అని ఒకటి ఉంది, 2013లో మార్చినది, జర్మనీ, అమెరికా, ఇటలీ, ఆస్ట్రేలియా, స్కాట్లాండ్, కెనడా పిల్లల లెక్కలు కలిపి చేసింది. 22 వారాల నుంచి ఉంటుంది, బరువు, పొడవు, తల చుట్టుకొలత మూడూ ఒకే కాగితం మీద. ఇంకోటి ఇంటర్‌గ్రోత్-21, 2014లో వచ్చింది, ఎనిమిది దేశాల్లో, ఆరోగ్యంగా ఉండి తిండికి లోటు లేని తల్లుల పిల్లల్ని తూచి చేసింది. ఆ ఎనిమిదిలో మనదీ ఉంది, నాగపూర్‌లో తూచారు. డాక్టర్ గారు ఇంకో కబురు చెప్పారు, వెనకటికి అమెరికాలో డెన్వర్ అనే ఊళ్లో పుట్టిన పిల్లలతో చేసి 1963లో ఇచ్చిన చార్టునే చాలాకాలం ప్రపంచమంతా వాడిందట. ఆ ఊరు సముద్రమట్టానికి ఒక మైలు ఎత్తులో ఉంటుంది, అంత ఎత్తులో పుట్టే పిల్లలు మామూలుగానే కాస్త తక్కువ బరువుంటారు. కొండ మీది పిల్లలతో గీసిన గీతలకి మైదానాల్లో పిల్లల్ని కొలిచారన్నమాట. నాకు నవ్వొచ్చింది, మళ్లీ మా రెండున్నర గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

మేము చివరికి ఇంటర్‌గ్రోత్ తీసుకున్నాం. ఇక్కడ ఒకరిద్దరు సీనియర్లు ఒప్పుకోలేదు. "మనవాళ్లు చిన్నగానే పుడతారమ్మా, తల్లులే నలభై కేజీలుంటారు, ఆ చార్టు పెడితే సగం వార్డు ఎర్ర చుక్కలే" అన్నారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. తల్లి పొట్టిగా సన్నగా ఉంటే బిడ్డ చిన్నగా, కానీ చక్కగా ఉండొచ్చు, ఎస్‌జీఏ అని రాసినంత మాత్రాన జబ్బు అని అర్థం కాదు. కానీ వాడికి రోగం ఉందో లేదో నేను తేల్చక్కర్లేదు కదా, నాలుగు సార్లు మడమ గుచ్చి షుగర్ చూడాలా వద్దా అన్నది తేల్చుకుంటే చాలు. చిన్నగా పుట్టడం మనవాళ్లకి మామూలే అనుకుంటూ పోతే ఎప్పటికీ మామూలుగానే ఉంటుంది. ఈ విషయంలో నేను కొంచెం గట్టిగానే మాట్లాడాను, తర్వాత హెడ్ సిస్టర్ రెండు రోజులు నాతో ముభావంగా ఉంది.

నీలం షీటు, గులాబీ షీటు లామినేషన్ చేయించి, పుట్టిన బిడ్డని వెచ్చగా ఉంచే వార్మర్ పక్కన గోడకి అంటించాం. మొదటి వారం నా చేతి తప్పులు రాస్తే ఒక పుస్తకం అవుతుంది. హడావుడిలో ఆడపిల్లని నీలం షీట్లో పెట్టాను. 38 వారాల 6 రోజుల్ని 38 అని రాసి అక్కడే చుక్క పెట్టాను, రోజులతో సహా చూసి రెండు వారాల గీతల మధ్య పెట్టాలని తర్వాత తెలిసింది. తూకం మిషన్ కింద బల్ల ఒక కాలు పొట్టి, రోజుకో అంకె చూపించేది, అట్టముక్క మడిచి పెట్టాం. అన్నిటికంటే పెద్ద తప్పు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నదే, బిడ్డని టవల్‌తో సహా తూచడం. టవల్ ఎంతుంటుందిలే అనుకునేదాన్ని. ఒకరోజు ఉత్త టవల్ పెట్టి చూస్తే 140 గ్రాములు, తడిసింది కాబట్టి. 140 గ్రాములు అంటే ఆ చార్టు మీద ఒక గీత కింద నుంచి పైకి ఎక్కించేస్తుంది. ఇప్పుడు పొడి గుడ్డ వేసి, సున్నా చేసి, బట్టలేకుండా తూచడం.

తల చుట్టుకొలతకి సాగని టేపు కావాలి, మా దగ్గరున్నది టైలర్ టేపు, వాడివాడి సాగిపోయింది. నార్మల్ కాన్పులో తల నొక్కుకుని వస్తుంది కాబట్టి మర్నాడు మళ్లీ కొలవాలి. పొడవు కొలవడానికి ఇద్దరు కావాలి, ఒకరు తల పట్టుకోవాలి, ఒకరు మోకాళ్లు చాపి పాదం బోర్డుకి ఆనించాలి, ఈలోపు బిడ్డ మనిద్దర్నీ తడిపేస్తాడు. అయినా ఈ మూడూ కొలవడం వల్ల లాభం ఉంది. బరువు మూడో గీత కింద, తల మాత్రం యాభై దగ్గర ఉంటే, చివరి నెలల్లో మాయ సరిగా అందించలేదు, ఉన్నదాన్ని తలకి దాచుకున్నాడు అని డాక్టర్ గారు తల్లి బీపీ చార్టు వెనక్కి తిరగేస్తారు. మూడూ ఒకేలా చిన్నవైతే వేరే ఆలోచన, ఇన్‌ఫెక్షన్ ఏమైనా ఉందా, పుట్టుకతో వచ్చిందేమైనా ఉందా, లేక ఆ ఇంట్లో అందరూ చిన్నగానే ఉంటారా అని.

కానీ అసలు తలనొప్పి బరువుతో కాదు, వారాలతో. చార్టులో నిలువు అంకె తూకం మిషన్ చెబుతుంది, అడ్డం అంకె ఎవరు చెప్పాలి? ఎల్‌ఎంపీ, అంటే చివరి నెలసరి ఎప్పుడని అడిగితే మా దగ్గరికి వచ్చేవాళ్లలో తేదీ చెప్పేవాళ్లు తక్కువ. "సంక్రాంతి వెళ్లాక తలకి పోసుకున్నానండీ." సంక్రాంతి వెళ్లాక ఎన్నాళ్లకి? "మా ఆడపడుచు ఊరెళ్లిన మర్నాడు." ఆడపడుచుకి ఫోన్ చేసి ఎప్పుడెళ్లావమ్మా అని అడిగిన రోజులు కూడా ఉన్నాయి, నిజంగా.

ఒకసారి ఒక పాప పుట్టింది, 2.28 కేజీలు. కార్డు మీద ఎల్‌ఎంపీ లెక్కేస్తే 36 వారాల 1 రోజు. గులాబీ షీట్లో చుక్క పెడితే పదో గీతకి పైనే పడింది. నెలలు నిండకుండా పుట్టింది, వారానికి తగ్గట్టే ఉంది, అని రాసేశాను. కానీ పాపని తుడుస్తుంటే ఏదో తేడాగా అనిపించింది. ముప్పై ఆరు వారాల పిల్ల అరికాలు వెనక భాగం ఇంకా నున్నగా ఉండాలి, ఈ పాపకి మడమ దాకా గీతలే. చెవి మడిచి వదిలితే టక్కున లేచి నిలబడుతోంది. వీపు మీద నూగు లేదు. బ్యాలర్డ్ స్కోర్ అని ఒకటి ఉంది, ఇలాంటి గుర్తులకి మార్కులు వేసి వారాలు అంచనా కట్టేది, రెండు వారాలు అటూ ఇటూ అవుతుంది కానీ ఏదీ లేనప్పుడు అదే దిక్కు. డాక్టర్ గారు వేస్తే 39 దగ్గర తేలింది.

మళ్లీ వెళ్లి వాళ్ల అత్తగారిని అడిగాను, మొదట్లో స్కానింగ్ ఏమైనా తీశారా అని. లేదంది. తల్లి మాత్రం మెల్లగా, "మూడో నెలలో మా అమ్మగారింట్లో ఉన్నప్పుడు తీయించారు, ఆ కవర్ మా అమ్మ దగ్గరుంది" అంది. వాళ్లమ్మ మర్నాడు తెచ్చింది, చీరల షాపు కవర్‌లో నాలుగు మడతలు పెట్టిన రిపోర్టు. ఆ లెక్కన 39 వారాల 4 రోజులు. ఏం జరిగిందంటే, గర్భం నిలిచాక కొద్దిగా మైల కనిపించింది, దాన్నే నెలసరి అనుకుని ఆ తేదీ రాయించింది. మూడున్నర వారాల తేడా అక్కడ వచ్చింది. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ ఉంటే దాన్నే నమ్మాలి, బిడ్డ పొడవు అప్పుడు అందరికీ దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి. చివర్లో తీసినది నమ్మితే మోసపోతాం, చిన్నగా ఉన్న బిడ్డకి వారాలే తక్కువ చూపిస్తుంది.

పాత చుక్కని కొట్టేసి 39 వారాల 4 రోజుల దగ్గర కొత్త చుక్క పెడితే మూడో గీత కిందికి పడింది. అదే పాప, అదే 2.28. షుగర్లు మేము ఎలాగూ చూస్తున్నాం, 36 వారాలైనా చూడాల్సిందే కాబట్టి ఆ విషయంలో నష్టం జరగలేదు. మారింది ఏంటంటే తల్లి వైపు చూపు. ఆమెకి చివరి నెలలో కాళ్ల వాపులున్నాయి, బీపీ ఒకసారి ఎక్కువ వచ్చి మళ్లీ ఎవరూ చూడలేదు. కాన్పయ్యాక రెండో రోజు మళ్లీ చూస్తే 150 బై 100. మందులు మొదలుపెట్టారు.

అత్తగారు మాత్రం "చెప్తే వినదు సిస్టరమ్మా, సరిగా తినలేదు, అందుకే పిల్ల ఇలా" అని వార్డంతా వినేలా అంటోంది. ఈ ఎర్ర చుక్క వల్ల నాకు నచ్చని పని ఇదొక్కటే, ఆ చుక్క ఎప్పుడూ తల్లి నెత్తి మీదే పడుతుంది. మాయ పని చేయలేదు, బీపీ పెరిగింది, అది ఆమె తప్పు కాదు అని చెప్పాను. ఆ అత్తగారే, ఎక్కువ తింటే బిడ్డ బలిసి కాన్పు కష్టమవుతుందని ఎనిమిదో నెల నుంచి ఆమెకి ముద్ద తగ్గించిందని తర్వాత ఆయమ్మ చెప్పింది. నేనేం అనలేదు. అనాలని ఉంది కానీ అనలేదు.

ఇప్పుడు మా దగ్గర పద్ధతి ఎలా ఉందంటే, చుక్క పదో గీత కింద పడితే గంటలోపు పాలు పట్టించాల్సిందే, ముర్రుపాలు ఎన్ని చుక్కలైనా సరే. తల్లి రొమ్ము మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టడం, టోపీ, సాక్సులు. షుగర్ రెండో గంట, ఆరో గంట, పన్నెండో గంట, తర్వాత రోజుకోసారి మూడు రోజుల దాకా. స్ట్రిప్పులు అయిపోతే ఇండెంట్ పెట్టి ఎదురుచూడ్డం కూడా పద్ధతిలో భాగమే అనుకోండి. రాత్రి మూడు కాన్పులు ఒకేసారి వస్తే చుక్క తెల్లారాక పెట్టిన రోజులూ ఉన్నాయి. అలాంటప్పుడు కనీసం కంటికి ముసలి మొహం, వదులు చర్మం కనిపిస్తే చార్టు కోసం ఆగకుండా షుగర్ చూసేస్తున్నాం. డిశ్చార్జ్ చేసేటప్పుడు కార్డు మీద వారాలు, బరువు, ఎస్‌జీఏ అని పెద్ద అక్షరాలతో రాసి ఆశా అక్కకి ఫోన్‌లో కూడా చెబుతున్నాను, ఇంటికెళ్లి చూసేది ఆవిడే కాబట్టి. డబ్బా పాలు పట్టి తొందరగా లావు చేయాలని చూడొద్దని కూడా చెప్పమంటాను, చెప్పినా కొందరు పడతారు.

మొన్న బుధవారం టీకాల రోజు ఆ మొదటి బాబుని తీసుకొచ్చారు, పద్నాలుగు వారాల సూదికి. నేను నిజానికి ఆ డ్యూటీలో లేను, అమ్మమ్మ నన్ను వెతుక్కుంటూ లేబర్ రూమ్ దాకా వచ్చింది. "దుప్పటి అడిగిన ముసల్దాన్ని, గుర్తున్నానా" అంది. గుర్తుండకపోవడమేంటి. బుగ్గలు వచ్చాయి, తొడల మీద ముడతలున్న చోట ఇప్పుడు మడతలు. తూకం వేద్దామని బట్టలిప్పి పడుకోబెడితే అంకె 5.6 దగ్గర ఆగీ ఆగకముందే ఫౌంటెన్ లేపాడు, గుడ్డ, మిషన్, నా చీర కొంగు అన్నీ తడిసిపోయాయి. తడి గుడ్డ తీసేసి, పొడి గుడ్డ వేసి, సున్నా చేసి మళ్లీ తూచాను. ఈసారి 5.58.